లారీ ఇంజన్ ఆయిల్‌లో నీళ్లు, రేడియేటర్‌లో ఆయిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ మిల్లుల బియ్యం లోడ్లు, మేళ్లచెరువు, మఠంపల్లి దిక్కు సిమెంట్ లోడ్లు, జడ్చర్ల నుంచి కర్నూలు దాకా 44వ నంబర్ హైవే మీద తిరిగే బండ్లు, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట రోడ్ల టిప్పర్లు... ఎండలు ముదిరినయంటే ఓనర్లు, డ్రైవరన్నలు ఎక్కువగా అడిగేది ఇదే సంగతి, ఆయిల్‌లో నీళ్లు కలిసినయి ఏం చేయాలె అని. చాలా షెడ్లలో వెంటనే వచ్చే మాట "హెడ్ దించుదాం". హెడ్ అంటే సిలిండర్ల మీద మూత లెక్క ఉండే పెద్ద భాగం. నేను మాత్రం హెడ్ దించుడు చివరి పని అంటా. ముందు ఏది దేంట్ల కలుస్తుందో, ఎటు నుంచి ఎటు పోతుందో తేల్చుకుంటే సగం బండ్లకు హెడ్ జోలికే పోయే అవసరం రాదు, ఓనర్ పైసలు మిగుల్తయి, బండి తొందరగా రోడ్డెక్కుతది. అందుకే వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్క కాడ పెట్టిన.

డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉందన్నా, మెల్లగ షెడ్ దాకా నడుపుకుంట పోవచ్చా?

వద్దు. ఉన్న కాడనే ఆపి, ఇంకో బండితోనో క్రేన్‌తోనో టోయింగ్ చేయించండి. క్రాంక్ షాఫ్ట్‌కి, బేరింగులకి మధ్య సన్నటి ఆయిల్ పొర ఉంటది, ఇనుము ఇనుము రాసుకోకుండా కాపాడేది అదొక్కటే. నీళ్లు కలిసిన ఆయిల్‌కి ఆ పొర నిలబెట్టే బలం ఉండదు. రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ అయితే ఇంకా చెడ్డది, వేడికి ఆయిల్‌తో కలిసి జిగట ముద్ద లెక్క తయారై ఫిల్టర్‌ని మూసేస్తది, ఆసిడ్ తయారై బేరింగుల పైపూతని తింటది. "ఖాళీ బండే కదా, ఐడిల్‌లోనే పోతా" అనేటోళ్లు ఉంటరు, కానీ ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ఇంకా తక్కువ ఉంటదని మర్చిపోవద్దు. ఒక కూలర్‌తోనో ఒక గాస్కెట్‌తోనో పోయే ఖర్చు క్రాంక్ గ్రైండింగ్, ఫుల్ ఇంజన్ పని దాకా పోయేది సరిగ్గ ఇక్కడనే.

ఆయిల్ పోసే మూత కింద తెల్ల నురగ కనపడ్డది, కానీ డిప్‌స్టిక్ మీద ఆయిల్ మంచిగనే ఉంది. భయపడాల్నా?

చాలాసార్లు ఏం లేదు. మిల్లు యార్డులోనే తిరిగే బండ్లు, రోజుకి రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగిపోయే బండ్లు, వానాకాలం, చలికాలం పొద్దున... ఇంజన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి లోపలి గాలిలో తేమ మూతకి పట్టి నురగ కడ్తది. తుడిచేసి, ఒకసారి లోడ్ మీద మంచిగ వేడెక్కేటట్టు లాంగ్ కొట్టి మళ్లా చూడండి. మళ్లా రాకపోతే, రేడియేటర్ నీళ్లు తగ్గకపోతే వదిలేయొచ్చు. నీళ్లు తగ్గుతున్నయంటే మాత్రం ఊకోవద్దు.

ఆయిల్ లెవల్ పెరిగింది, కానీ రంగు మారలేదు, నల్లగనే ఉంది. ఇది కూడా నీళ్లేనా?

అది డీజిల్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, ఇంజన్ నుంచి ఆయిల్ తీసుకునే ఫ్యూయల్ పంపు సీల్ పోయి ఉండొచ్చు, లేకపోతే హెడ్ లోపల రిటర్న్ లైన్ లీకు ఉండొచ్చు. డిప్‌స్టిక్ ఆయిల్‌ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి, పల్చగ జారిపోయి డీజిల్ వాసన వస్తే దారి వేరు. నీళ్లు కలిస్తే తెలుపు, గోధుమ రంగు వస్తది, చిక్కబడ్తది. రెండింటికీ ఇంజన్ ఆపాల్సిందే, కానీ వెతికే చోటు పూర్తిగా వేరు కాబట్టి ముందే తేల్చుకోండి.

నీళ్లు నిజంగ కలిసినయని షెడ్‌కి పోకముందే ఎట్ల తేల్చుకోవాలె?

బండిని రాత్రంతా చదునైన జాగల ఆపి పెట్టండి, ఇంజన్ ముట్టొద్దు. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి కలిసిపోకుండా మిగిలిన నీళ్లు మెల్లగ చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగుకి దిగుతయి. పొద్దున్నే కింద శుభ్రమైన తెల్ల డబ్బా పెట్టి డ్రెయిన్ బోల్టుని పూర్తిగా విప్పకుండా, చేత్తో నొక్కి పట్టుకుని చుట్టు చుట్టుగా వదులు చేయండి. నీళ్లుంటే మొదట్ల ఆయిల్ రాదు, బోల్టు మరల వెంబడి పచ్చగనో ఎర్రగనో కూలెంట్ చుక్క సన్నగ దిగి బోల్టు తలకాయ మీద ఆగి కింద పడ్తది, ఆ తర్వాతనే నల్లటి ఆయిల్ వస్తది. ఆ చుక్క కనపడంగనే బోల్టు బిగించేసి, డబ్బాలో పడ్డదాన్ని వెలుతురులో పెట్టి చూడండి. ఉత్త నీళ్లు పోసిన బండి అయితే తుప్పు రంగు నీళ్లు వస్తయి.

ఆయిల్, నీళ్లు బాగా కలిసిపోయి ఉంటే కింద విడిగ ఏం రాదు. అప్పుడు స్టీల్ చెంచాలో ఒక్క చుక్క ఆయిల్ ఏసి కింద వేడి చేయండి, నీళ్లుంటే చిటపట అంటది, మంచి ఆయిల్ అయితే సప్పుడు లేకుండా పొగ మాత్రమే వస్తది. చుక్క ఒక్కటే, మొహం దూరం పెట్టండి, డీజిల్ అనుమానం ఉంటే ఈ పని అసలే చేయొద్దు, అంటుకుంటది. పెద్ద ఫ్లీట్ ఉన్నోళ్లు ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపిస్తే మంచిది. రిపోర్టులో సోడియం, పొటాషియం పెరిగినయంటే కంటికి కనపడక ముందే కూలెంట్ లోపలికి పోతున్నట్టు లెక్క.

రేడియేటర్‌లో, కూలెంట్ డబ్బాలో ఆయిల్ తేలుతుంది కానీ చాంబర్‌లో నీళ్లు లేవు. హెడ్ గాస్కెట్టేనా (హెడ్‌కి, బ్లాకుకి నడుమ ఉండే సీలు)?

ఈ ప్రశ్న దగ్గరనే ఎక్కువ పైసలు వృథా అయితయి, అందుకే జర వివరంగ చెప్తున్న.

ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ సుమారు 3 నుంచి 5 బార్ ఉంటది, కూలెంట్ ప్రెషర్ రేడియేటర్ క్యాప్ పట్టేంత వరకే, అంటే 1 బార్‌కి అటు ఇటు. అంటే రెండింటి మధ్య ఎక్కడ చిల్లు పడ్డా, నడుస్తున్నంత సేపు ఆయిలే నీళ్లలోకి పోతది. ఇంజన్ ఆపినంక కథ తిరగబడ్తది. ఆయిల్ ప్రెషర్ వెంటనే సున్నా అయితది, కానీ వేడి కూలెంట్‌కి ప్రెషర్ చల్లారేదాకా ఉంటది కాబట్టి అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి దిగుతయి. సో ముందు కూలెంట్ డబ్బాలో ఆయిల్ కనపడి, చాంబర్ ఇంకా మంచిగనే ఉందంటే, ప్రెషర్‌తో ఉన్న ఆయిల్, కూలెంట్ పక్కపక్కన పారే జాగని మొదట అనుమానించాలె. ఆ జాగ ఆయిల్ కూలర్. హెడ్ గాస్కెట్‌లో కూడా ఆయిల్ దారి, నీళ్ల దారి దగ్గరగ ఉంటయి, అట్ల కూడా కావొచ్చు, కాదనను, కానీ కూలర్ విప్పుడు హెడ్ దించుడంత పెద్ద పని కాదు కదా. ముందు చిన్న పని చేసి చూడాలె.

చాలా లారీ ఇంజన్లలో కూలర్ బ్లాకు పక్కన, ఆయిల్ ఫిల్టర్ హెడ్ దగ్గర్లోనే ఉంటది. టాటా బండ్లలో వచ్చిన కమిన్స్ 5.9 లీటర్ బీ సిరీస్‌లో అయితే ఫిల్టర్ హెడ్ వెనకాలనే ప్లేట్ల కూలర్ ఉంటది, బ్లాకులో పోయే కూలెంట్ దాని చుట్టూ తిరుగుతది. విప్పినంక ఊరికె కంటితో చూసి "మంచిగనే ఉంది" అనొద్దు. ఒక దిక్కు మూసేసి ఇంకో దిక్కు నుంచి 3, 4 బార్ గాలి పట్టించి వేడి నీళ్ల తొట్టిలో ముంచాలె. వేడి నీళ్లు అని ఎందుకంటున్న అంటే సన్నటి పగుళ్లు చల్లగ ఉన్నప్పుడు మూసుకుని ఉంటయి, వేడికే తెరుచుకుంటయి. బుడగ గొలుసు ఒక్క కాడ నుంచే వస్తుంటే దొంగ దొరికినట్టే. కూలర్ బాగుంటే దాని గాస్కెట్లు, సీలింగ్ ముఖం చూడండి.

హాలియా దిక్కు ఒక బియ్యం లారీకి ఒక షెడ్‌లో హెడ్ దించి, ఫేసింగ్ (ముఖం చదును) చేయించి, కొత్త గాస్కెట్ ఏసి పంపిన్రు, వారం తిరగకముందే డబ్బాలో మళ్లా ఆయిల్ తేలింది. ఆఖరికి కూలర్ నీళ్లలో ముంచితే ప్లేట్ల నడుమ నుంచి బుడగలు. ఆ ఓనర్ మొహం చూసినంక ఈ ఒక్క మాట ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపించింది, కూలర్ టెస్ట్ కాకుండా హెడ్ బోల్టు మీద స్పానర్ పెట్టనీయకండి.

రేడియేటర్ మూత తీసి చూస్తే బుడగలు వస్తున్నయి. గాస్కెట్ పోయినట్టేనా?

గాస్కెట్ కావొచ్చు, కానీ బుడగలకి ఇంకో దారి కూడా ఉంది, అది చాలా మంది మర్చిపోతరు: ఎయిర్ కంప్రెషర్. బ్రేకులకి గాలి కొట్టే కంప్రెషర్ హెడ్‌లో చాలా బండ్లకి కూలెంట్ తిరుగుతది. దాని గాస్కెట్ పోయినా, హెడ్ పగిలినా గాలి నేరుగ కూలెంట్‌లోకి పోయి అచ్చం హెడ్ గాస్కెట్ లెక్కనే బుడగలు వస్తయి. బండి ఆపినంక అదే చిల్లు గుండ కూలెంట్ కంప్రెషర్ సిలిండర్‌లోకి పోయి, అటు నుంచి ఆయిల్ రిటర్న్ దారిన చాంబర్‌లోకి దిగుతది. కంప్రెషర్‌కి ఆయిల్ ఇంజన్ నుంచే పోతది, ఇంజన్‌కే తిరిగొస్తది కదా.

తేల్చుకునే పద్ధతి సులువు. బండి చదునుగా ఆపి, టైర్లకి రాళ్లు పెట్టి, ఎయిర్ ట్యాంకుల గాలి మొత్తం వదిలేయండి. ఆ వచ్చే నీళ్లలో కూలెంట్ రంగు, తియ్యటి వాసన ఉంటే అక్కడనే సగం తెలిసిపోతది. తర్వాత కంప్రెషర్ డెలివరీ పైపు విప్పేసి, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్‌లో చూడండి. బుడగలు ఆగిపోతే కంప్రెషర్. ఆగకుండ వస్తనే ఉంటే సిలిండర్ గ్యాస్, అంటే హెడ్ గాస్కెట్, హెడ్ క్రాక్, లేకపోతే ఇంజెక్టర్ స్లీవ్ (హెడ్‌లో ఇంజెక్టర్ చుట్టూ ఉండే గొట్టం). స్లీవ్ లీకయితే కూలెంట్‌లో డీజిల్ వాసన కూడా రావొచ్చు.

గాస్కెట్‌కి ఇంకో గుర్తు: పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, నీళ్లు ఇంకా వేడెక్కకముందే పై హోస్ పైపు గట్టిగ రాయి లెక్క అయితే సిలిండర్ గ్యాస్ వస్తున్నట్టు. వేడెక్కినంక గట్టిపడుడు మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత మాత్రం ఎవ్వరు చెప్పినా తీయొద్దు, మొహం కాలిపోతది.

డబ్బాలో ఆయిల్ లేదు, బుడగలు లేవు, కానీ చాంబర్‌లోకి నీళ్లు వస్తున్నయి. అప్పుడు?

వెట్ లైనర్ ఇంజన్ అయితే లైనర్ (పిస్టన్ లోపల ఆడే గొట్టం) కింది ఓ రింగుల మీద అనుమానం పెట్టండి. లైనర్ బయటి గోడ నీళ్లలో ఉంటది, కింద రబ్బరు రింగులే నీళ్లని ఆపుతయి. అవి గట్టిపడ్డా, తెగినా నీళ్లు నేరుగ చాంబర్‌లోకే. ఇంకొకటి, లైనర్ బయటి గోడకి సన్న సన్న గుంతలు పడి చివరికి చిల్లు పడుడు. సిలిండర్‌లో పేలుడుకి లైనర్ అదురుతది, ఆ అదురుకి కూలెంట్‌లో చిన్న చిన్న ఆవిరి బుడగలు పుట్టి గోడకి తగిలి పగులుతయి, ఆ దెబ్బలకే ఇనుము లేస్తది. సరైన డీజిల్ కూలెంట్‌లో దీన్ని ఆపే మందు ఉంటది, ఉత్త నీళ్లలో ఉండదు. అన్ని ఇంజన్లకూ వెట్ లైనర్లు ఉండవు, పైన చెప్పిన కమిన్స్ బీ సిరీస్‌లో బోరు బ్లాకులోనే ఉంటది, కాబట్టి మీ ఇంజన్ ఏదో ముందు చెప్పి మాట్లాడండి.

దీనికి ప్రెషర్ టెస్టుకి మించింది లేదు. చాంబర్ దించేసి, రేడియేటర్ మూత జాగల చేతి పంపు బిగించి, క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా కొట్టి వదిలేయండి, ఎక్కువ కొట్టి రేడియేటర్ పగలగొట్టుకోవద్దు. కింద పొడి అట్టముక్క పరిచి, టార్చ్ పట్టుకుని పండుకుని చూడండి, తొందర పడకుండ ఓ గంట, అవసరమైతే రాత్రంతా. చుక్క ఎక్కడ నుంచి దిగుతుందో అదే సమాధానం. లైనర్ బయటి అంచు నుంచి దిగితే ఓ రింగు. పిస్టన్ పక్క నుంచి, లైనర్ లోపలి నుంచి దిగితే పైనుంచి వస్తుంది, అంటే గాస్కెట్, హెడ్, స్లీవ్, లేదా లైనర్ చిల్లు. మెయిన్ బేరింగుల కాడ నుంచి కారుతుందంటే నీళ్లు ఆయిల్ గ్యాలరీలోకి (బ్లాకులో ప్రెషర్ ఆయిల్ పారే దారి) పోయినట్టు, మళ్లా కూలర్ దిక్కు తిరగాలె. ముందు టైమింగ్ గేర్ల దిక్కు నుంచి వస్తే వాటర్ పంపు, కంప్రెషర్ చూడాలె.

వాటర్ పంపు వల్ల కూడా ఆయిల్‌లో నీళ్లు కలుస్తయా?

బెల్టుతో తిరిగే పంపు అయితే బయటికే కారుతది. గేర్‌తో తిరిగే పంపుకి ఒక దిక్కు నీళ్లు, ఇంకో దిక్కు ఆయిల్ ఉంటయి, నడుమ రెండు సీళ్లు, ఆ సీళ్ల మధ్య లీకు బయటపడేందుకు చిన్న రంధ్రం. ఆ రంధ్రం మట్టితో, గ్రీజుతో మూసుకుపోతే లీకు బయటికి రాలేక ఆయిల్ దిక్కు పోతది. కొందరు అక్కడ కారుతుందని ఎంసీల్ పెట్టి మూస్తరు, దయచేసి ఆ పని చేయొద్దు.

బీఎస్6 బండిలో కూలెంట్ తగ్గుతుంది, ఆయిల్ మంచిగనే ఉంది, బయట లీకు లేదు.

ఈజీఆర్ (కొంత పొగని చల్లబరిచి మళ్లా ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజన్ అయితే ఈజీఆర్ కూలర్ లోపల పగిలి ఉండొచ్చు, కూలెంట్ పొగలో కలిసి తెల్ల ఆవిరిగ బయటికి పోతది. ఇందులో ఒక ప్రమాదం ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ నీళ్లు సిలిండర్‌లోకి దిగితే, పొద్దున సెల్ఫ్ కొట్టంగనే నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతది. సెల్ఫ్ కొడితే "టక్" మని ఆగిపోతే మళ్లా మళ్లా కొట్టకండి, ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపినంకనే ఏదైనా.

అన్ని చూసినం, హెడ్ దించాల్సిందే అంటున్నరు. మేస్త్రిని ఏం అడగాలె?

హెడ్‌ని లేత్ షాపులో వేడి నీళ్లలో గాలి ప్రెషర్‌తో టెస్ట్ చేయించిన్రా అని అడగండి, క్రాక్ ఉంటే ఫేసింగ్ చేసినా లాభం లేదు. హెడ్, బ్లాకు రెండింటి మీద సమతలం స్కేలు పెట్టి ఫీలర్ గేజితో చూసిన్రా, లైనర్ బ్లాకు మీద ఎంత లేచి ఉండాల్నో అంత ఉందా, పాత బోల్టులే ఏస్తున్నరా కొత్తవా. సాగిన బోల్టు ఎంత బిగించినా పట్టు ఉండదు. బిగించేటప్పుడు నడుమ నుంచి అంచులకి, విడతల వారీగ, టార్క్ రెంచ్‌తోనే. "చేతి లెక్క నాకు తెలుసు" అనే మాట ఈ ఒక్క పనికి ఒప్పుకోవద్దు.

గాస్కెట్ ఎందుకు పోయిందో కూడా అడగండి. గాస్కెట్ ఊరికె పోదు, చాలాసార్లు ఇంజన్ వేడెక్కుడు వల్లనే పోతది. రేడియేటర్ మూసుకుపోయిందా, ఫ్యాన్ పని చేస్తుందా, థర్మోస్టాట్ తీసి పారేసిన్రా, అవి సరి చేయకుంటే కొత్త గాస్కెట్ కూడా పోతది. శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వేడెక్కిన ఇంజన్‌లో చల్ల నీళ్లు గుమ్మరించే అలవాటు ఉన్నోళ్లకి హెడ్ క్రాక్ అక్కడ నుంచే మొదలైతది. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి చల్లారనీయండి.

మా కాడ బోరు నీళ్లే ఉన్నయి, రేడియేటర్‌లో అవే పోస్తం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, బాగా ఉంది. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తది, మనుషుల ఎముకల్ని వంచిన నీళ్లవి, మునుగోడు, మర్రిగూడ దిక్కు ఆ బాధ చూసినోళ్లకి చెప్పక్కర్లేదు. ఇంజన్‌కి మాత్రం ఫ్లోరైడ్ కంటే ఆ నీళ్ల గట్టితనం, అంటే కాల్షియం, మెగ్నీషియం, దాంతో పాటు ఉప్పు చెడ్డవి. వేడి ఎక్కువ తగిలే కాడ తెల్ల పొర కడ్తది, కూలర్ ప్లేట్ల మధ్య, లైనర్ చుట్టూ, హెడ్‌లో ఇంజెక్టర్ పక్కన. ఆ పొర వేడిని బయటికి పోనీయదు, లోపల ఇనుము కాగుతది, పగుల్తది. ఉప్పు వల్ల తుప్పు అదనం. రెడీమేడ్ కూలెంట్ పోయండి, లేకపోతే కాన్సంట్రేట్ తెచ్చి డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రోడ్డు మీద తప్పనిసరి అయి మామూలు నీళ్లు పోసినా, ఊరికొచ్చినంక మొత్తం తీసి మార్చండి. రెండు రకాల కూలెంట్లు రంగు ఒకటే ఉంది కదా అని కలపొద్దు.

లీకు ఆపే పౌడర్, లిక్విడ్ పోస్తే సరిపోతదా?

పోదు. అది చిల్లుని వెతుక్కుంటూ పోదు, కూలర్, రేడియేటర్ సన్న దారులన్నిట్ల పేరుకుంటది. తర్వాత చేసే ప్రతి పని కష్టమైతది.

రిపేర్ అయింది. లోపల ఎట్ల కడగాలె?

ఆయిల్ దిక్కు ముందు. చాంబర్ దించి చేత్తో తుడవండి, అడుగున ఉండే స్ట్రైనర్ జాలీ కడగండి, ముద్ద ఎక్కువ పట్టేది అక్కడనే. కలిసిన ఆయిల్‌తో బండి ఎంతో కొంత నడిచి ఉంటే బేరింగ్ క్యాపులు విప్పి షెల్స్ చూడాల్సిందే. తర్వాత కొత్త ఫిల్టర్, తక్కువ ధర ఆయిల్ పోసి లోడ్ లేకుండా ఐడిల్‌లో వేడెక్కించి దించేయండి, తెల్లదనం కనపడితే ఫిల్టర్‌తో సహా మళ్లా. శుభ్రంగ వచ్చినంక కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్. ఉత్త డీజిల్ పోసి ఇంజన్ నడిపి కడిగే పాత పద్ధతి వద్దు, బేరింగులకి అది ఇంకో దెబ్బ.

కూలెంట్ దిక్కు ఇంకా ఓపిక కావాలె. బట్టల సబ్బు పొడి పోస్తే నురగ లేచి గాలి పట్టేస్తది, నురగ రాని రేడియేటర్ ఫ్లష్ మందు వాడండి. థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు వేడెక్కేదాకా నడిపితేనే మందు రేడియేటర్‌లోకి పోతది. చల్లారనిచ్చి, దించి, మళ్లా. నీళ్ల మీద ఆయిల్ మెరుపు పోయేదాకా చేయాలె, ఒక్కసారితో పోదు. డబ్బా విప్పి విడిగ కడగండి. హోస్ పైపులు పిండి చూడండి, ఆయిల్ తాగి మెత్తగ ఉబ్బినయంటే మార్చేయండి, లేకపోతే లోడ్ మీద ఎక్కడో పగుల్తయి.

దించిన పాత కూలెంట్ షెడ్ ఎనక పారబోయొచ్చా?

అసలే వద్దు. గ్లైకాల్ తియ్యగ ఉంటది, కుక్కలు, దూడలు, మేకలు తాగుతయి, తాగితే మూత్రపిండాలు పాడై చస్తయి. చిన్న పిల్లలు తిరిగే కాడ ఇంకా జాగ్రత్త. మూత ఉన్న డబ్బాలో పట్టి పెట్టి, వాడిన ఆయిల్ కొనుక్కుని పోయే అనుమతి ఉన్నోళ్లకి, ఆయిల్ వేరే, కూలెంట్ వేరే డబ్బాలో అప్పజెప్పండి.

లోడ్ ఎప్పుడు ఎత్తొచ్చు?

ముందు ఖాళీ బండితో దగ్గర్లో ఒక తిరుగుడు, వచ్చినంక రాత్రంతా ఆపి పొద్దున డిప్‌స్టిక్, కూలెంట్ డబ్బా రెండూ చూడండి. నీళ్ల లెవల్ ఎంత ఉందో డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి పోండి, అంచనా మీద నమ్మకం వద్దు. అది దిగకపోతే సగం లోడ్‌తో చిన్న దూరం, మళ్లా అదే చెకింగ్. మొదటి ఫుల్ లోడ్ తిరిగొచ్చినంక ఆయిల్ ఫిల్టర్ కోసి చూడండి. మడతల మధ్య మెరిసే ఇనుప రజను, రాగి రంగు పొడి కనపడితే బేరింగులు తింటున్నయి, బండిని మళ్లా షెడ్‌లో పెట్టాల్సిందే.